మీకు తెలుసా? పిల్లిగద్దల లెక్క పొద్దువాలాకే!

అమెరికాలోని హాక్ మౌంటెన్‌లో ఏటా శరదృతువులో కొండకొమ్మున కూర్చుని వలస గద్దలను లెక్కపెడతారు. 1934లో అది అభయారణ్యమైంది. అంతకుముందు అక్కడికి తుపాకులతో వెళ్లేవారు!

మన కర్నూలు సీమలో కొండెక్కే పనిలేదు. చలికాలానికి మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు పగలంతా చేల మీద తక్కువ ఎత్తులో తేలుతూ మిడతల్ని, ఎలుకల్ని, చిన్న పిట్టల్ని వేటాడతాయి. రాత్రికి చెట్టెక్కవు, గడ్డిబీట్లో నేలమీదే గుంపుగా పడుకుంటాయి. అందుకే పొద్దుగూకే వేళ బీడు చుట్టూ నిలబడి, దిగేవాటిని లెక్కిస్తారు. వినడానికి సులువే. కానీ దిగినవి మళ్లీ లేస్తాయి, పక్కకు జరిగి కూర్చుంటాయి. మాంటేగు, పాలిడ్ అనే పిల్లిగద్ద జాతుల్లో మగవాటిది బూడిదరంగు, రెక్కల కొసలు నలుపు. ఆడవి గోధుమరంగు, తోక మొదట్లో తెల్లమచ్చ. ఈ రెండు జాతుల ఆడవాటిని మసక వెలుతురులో వేరుచేయడం నిపుణులకూ కష్టమే.

బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం ఈ గద్దల పడకలకూ పేరుపొందింది. మన సీమ రైతులు గమనించాల్సిందొకటి: మిడతలపై కొట్టే పురుగుమందు వాటిని తినే గద్దకూ చేరుతుంది.