కోరంగి మడతోపు: నేల లేని నీడ

వేసవి సంచిక ముఖచిత్ర కథనమునకై ఏటి యొడ్డున చల్లని తోపు ఒకటి చూచి వ్రాయవలయుననియు, గురువారము సాయంకాలమునకు ప్రతి తమ బల్లమీద నుండవలయుననియు సంపాదకులు సెలవిచ్చినప్పుడు, వారి తలపున నున్నది బహుశః మామిడిచెట్ల క్రింద నులకమంచమును, కొబ్బరాకుల గలగలయు నైయుండును. నేను మాత్రము కాకినాడనుండి యానాము పోవు త్రోవలో, గౌతమీగోదావరి పాయలు సముద్రమును సమీపించు చోటనున్న కోరంగి మడతోపునే యెన్నుకొంటిని. ఇచ్చట నీడకు కొదువ లేదు. ఆ నీడన మేను వాల్చుటకు నేల మాత్రము లేదు. ఉన్నదెల్ల మోకాలిలోతున దిగబడు నల్లని బురద. దానిపై అటవీశాఖవారు వేయించిన చెక్కబాట వెంట నడచుచు, రెండుప్రక్కల నుండి వంగి పందిరి కట్టిన మడకొమ్మల క్రిందుగా పోవలెను. వచ్చినవారిలో పెక్కురు ఆ పందిరిని నేపథ్యముగా నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొని వెనుదిరుగుచున్నారు. తల యెత్తి చూడదగినది ఇచ్చట స్వల్పము. చూడవలసినదంతయు పాదముల క్రిందనే కలదు.

నేను వెళ్లునప్పటికి పోటునీరు నిండియుండెను. కాలువ, బురద, వేళ్లు అన్నియు ఏకజలమై, చెట్లు నీటిపై తేలుచున్నట్లుండెను. బాట మొదట కూర్చున్న కాపరి నా తొందర గ్రహించి, “ఇంకో గంట ఆగండాయ్, నీరు తీసేస్తాది. అప్పుడు చూడండి, ఇప్పుడేం కనపడదండీ,” అనెను. ఆగితిని. నీరు తీయుట కంటికి తెలియదు. చెక్కస్తంభమునకు అంటిన తడిచార మాత్రము కొంచెముకొంచెముగా వెడల్పగుచుండెను. అంతట బురదనుండి జానెడేసి పొడవున, వ్రేలంత లావున, చివరలు మొద్దుబారిన మొలకలవంటివి వేనవేలుగా పైకి తేలెను. అవి మొలకలు కావు, మడచెట్ల శ్వాసమూలములు. తక్కిన చెట్ల వేళ్లు వెలుతురును వీడి క్రిందికి పోవుచుండగా, ఇవి నేలనుండి ఆకాశమువైపునకు పెరుగును. కారణము సుబోధమే: ఈ బురదయందు ప్రాణవాయువు దాదాపు శూన్యము. ప్రక్కలకు ప్రాకు పెద్దవేరు ఊపిరాడక చావకుండుటకై వరుసగా ఈ కొమ్ములను పైకి పంపును. వాని చర్మముపై కంటికి ఆనీ ఆనని రంధ్రములు కలవు. లోపల గుల్లగానుండి గాలిని నిలువ చేయును. వేరు నీట మునిగియున్నంతసేపు లోని ప్రాణవాయువు వ్యయమగుచు ఒత్తిడి తగ్గును. నీరు తీసి రంధ్రములు బయటపడిన క్షణమున వెలుపలి గాలి తనంతట తాను లోనికి జొచ్చును. కమ్మరి కొలిమితిత్తిని నడుపునట్లు సముద్రమే దినమునకు రెండుమార్లు ఈ తోపునకు ఊపిరి పోయుచున్నది.

కాపరి ఒక మడాకును త్రుంపి వెనుకవైపు చూపెను. ఎండిన ఉప్పురవ్వలు తళుక్కుమనెను. వేళ్లు వడగట్టగా మిగిలిన లవణమును ఆకు ఈ విధముగా వెలిబుచ్చుచున్నది. ఉప్పుపొన్నచెట్టు తీరు వేరు. అది విత్తును విత్తుగా రాల్పదు. తల్లికొమ్మన నుండగనే మొలకెత్తించి, పచ్చని కోలవలె వ్రేలాడదీసి, పక్వమైన పిదప విడుచును. నీరు తీసియున్నచో బురదలో నిలువున గ్రుచ్చుకొనును. పోటువేళ నైనచో తేలిపోయి వేరొక గట్టున నాటుకొనును. వేళ్లసందున ఒక్క డెక్క మాత్రమే మహాకాయముగా నున్న చిన్నపీతలు దానిని ఎత్తి ఎత్తి ఊపుచుండెను. అవి మగపీతలు, ఆ ఊపు ఆడుపీతలకు ఆహ్వానము, ప్రత్యర్థులకు హెచ్చరిక.

చరిత్ర వలయునన్నచో సంగ్రహముగా: కోరంగి ఒకప్పటి రేవు, ఓడలు కట్టిన యూరు; బర్మాకు పోయిన తెలుగు కూలీలను అచ్చటివారు ఈ యూరి పేరనే పిలిచిరి. 1789లోను, మరల 1839లోను ఉప్పెనలు దీనిని ముంచినవి. రెండవదానిలో మూడులక్షలమంది మరణించిరను లెక్క గ్రంథములనుండి గ్రంథములకు ప్రాకుచున్నది గాని, ఈ డెల్టామూలన అంతమంది ఉండిరా యని నాకు సంశయము. 1978లో 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించిరి. దేశమున రెండవ పెద్ద మడయడవి యిదియే యను ప్రచారమును సైతము నేను అంగీకరింపజాలను; రాష్ట్రములవారీగా చూచినచో రెండవస్థానము గుజరాతుది.

అడవి యెట్లు చచ్చి యెట్లు బ్రతుకునో యను సంగతి ఇంతకంటె విలువైనది. చెట్లు నరికిన చోట నేల క్రుంగి పళ్లెమగును. పోటునీరు చేరి, వెనుకకు పోక, ఎండకు ఇగిరి ఉప్పు పేరుకొనును. ఆపైన ఏ మొక్కయు నిలువదు. గోదావరి, కృష్ణా ముఖద్వారములలో స్వామినాథన్ పరిశోధనాసంస్థవారును అటవీశాఖవారును గ్రామస్థులతో కలిసి ఇట్టి చవుడునేలలో చేపవెన్నెముక ఆకృతిలో కాలువలు త్రవ్వించిరి. నడుమ పెద్దకాలువ, దానికిరువైపుల ఏటవాలుగా పిల్లకాలువలు. నీరు వచ్చిపోవుట మొదలైన పిదప ఉప్పు తగ్గెను, మడ నిలిచెను. నాటుటకంటె ముందు నీటికి దారి యిచ్చుటయే అందలి కిటుకు.

మిగిలిన ముచ్చటలు

తిల్లచెట్టు పాలు కంటబడినచో చూపునకే ప్రమాదము, కొమ్మ విరువరాదు. చేపలను వేటాడి తిను బావురుపిల్లి ఈ యడవికి గర్వకారణము, కాని నిశాచరి గనుక పగటిపూట కనబడునని ఆశింపకుడు. నీటికుక్కలు అదృష్టమున్నచో కనబడవచ్చును. పుష్యబహుళ అమావాస్యనాడు చేరువనున్న చొల్లంగివద్ద సాగరసంగమస్నానమునకు జనము విరివిగా వత్తురు. సప్తసాగరయాత్రకు అదియే ప్రారంభము.

పాఠకులకు నా మనవి యొక్కటే: బయలుదేరుటకు ముందు ఆనాటి పోటుపాటుల వేళ కాకినాడ జాలరులనో, అటవీశాఖవారినో అడుగుడు. ఆ వేళ దినదినమునకు సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. అమావాస్యాపూర్ణిమల చెంత నీరు మరింత దూరము తీయును. పోటున పోయినవారికి చెట్లు మాత్రమే కనబడును. చెక్కబాట దిగి శ్వాసమూలములను త్రొక్కకుడు, సీసాలను సంచులను కాలువలో విడువకుడు. ఆ రంధ్రములు పూడుకొన్న చెట్టు ఊపిరాడక చచ్చును.