వంటవాడు అలెక్సిస్ సోయర్

వంట చేయువానికి చరిత్ర యేమున్నదని కొందరు తలిదండ్రులు మమ్ము అడుగవచ్చును. రాజుల చరిత్రలును, కవుల చరిత్రలును మన వాచకములలో కావలసినన్ని కలవు. వారందరును ఎవరో ఒకరు వండి పెట్టగా తిని బ్రతికినవారే గదా! అందుచేత ఈ సంచికలో మేము ఒక వంటవానిని గూర్చి వ్రాయుచున్నాము. అతని పేరు అలెక్సిస్ సోయర్. ఫ్రెంచివాడగుటచే స్వదేశమున ఆ పేరును 'స్వాయే' అని పలుకుదురు. ఇంగ్లీషువారి నోట అది సోయర్ అయినది. పరభాషలవారి నోట మన పేర్లు ఎట్లు మారునో ఈ ప్రాంతపు తెలుగువారికి మేము వేరుగా చెప్పనక్కరలేదు.

సోయర్ 1810వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన, పారిస్ నగరమునకు తూర్పుననున్న మో అను పట్టణమున పేదయింట జన్మించెను. చిన్నతనముననే పారిస్ చేరి, వంటవాడుగానున్న అన్న ఫిలిప్ అండతో ఒక భోజనశాలలో శిష్యుడయ్యెను. ఇరువది యేండ్లు నిండునప్పటికే పలువురు వంటవారిపై పెత్తనము చేయుచుండెను. 1830 జూలైలో విప్లవము చెలరేగినప్పుడు తిరుగుబాటుదారులు అతడు వండుచున్న ప్రభుత్వ వంటశాలలో చొరబడిరట. అతడు వారి విప్లవగీతమునే ఎలుగెత్తి పాడి ప్రాణము దక్కించుకొనెనని చెప్పుదురు. మరుసటి యేడు అతడు ఇంగ్లండు చేరెను. అన్న అప్పటికే అక్కడ ఒక రాజబంధువు ఇంట వంటవాడుగా కుదిరియుండెను.

ఇంగ్లీషు చక్కగా వ్రాయుట సోయర్‌కు కడవరకు అలవడలేదు. మాటలో ఫ్రెంచి యాస పోలేదు. అయినను అతని పేర వెలువడిన ఇంగ్లీషు వంట పుస్తకములు వేలకు వేలు అమ్ముడుపోయెను. నోటితో తాను చెప్పుచుండగా వ్రాయసగాండ్రు వ్రాసికొనుచుండెడివారు. 1854లో ఒక్క షిల్లింగు వెలకు అచ్చువేయించిన పుస్తకము సామాన్య కుటుంబములకై సంకల్పించినది. అది లక్షకు పైగా ప్రతులు చెల్లినది.

1837లో లండనునందలి రిఫారమ్ క్లబ్బునకు అతడు ప్రధాన పాచకుడయ్యెను. మరుసటి యేడు విక్టోరియా రాణి పట్టాభిషేక దినమున రెండువేల మందికి ఫలాహారము సిద్ధపరచెను. క్లబ్బునకు క్రొత్త భవనము కట్టినప్పుడు వంటశాలను తానే దగ్గరనుండి తీర్చిదిద్దుకొనెను. బొగ్గుపొగతో నిండియుండు వంటిండ్ల కాలమున అతడు గ్యాసు పొయ్యిలు అమర్చెను. మంటను కావలసినంత పెంచుటకు, తగ్గించుటకు, పని తీరగానే ఆర్పుటకు వీలు చిక్కెను. ఆ వంటశాలను చూచుటకు పెద్దమనుష్యులు తీర్థమునకు వచ్చినట్లు వచ్చుచుండెడివారు.

అతనికి ఆడంబరము మెండు. టోపీ ఏటవాలు, కోటు కత్తిరింపు ఏటవాలు, తుదకు పేరుచీట్లు కూడ ఏటవాలుగానే ఉండవలెను. పచ్చళ్ల సీసాలపై తన బొమ్మ వేయించి అమ్మించెను. ఇట్టివానిని వేషగాడనుకొనుట సులభము. 1847లో జరిగినదానిని ఎరిగినవారు మాత్రము తొందరపడి అట్లనరు.

అయర్లండులో బంగాళాదుంప పైరుకు తెగులు సోకి, 1845 మొదలు ఘోరమైన కరవు వచ్చినది. సుమారు పది లక్షలమంది ఆకలిచేతను, రోగములచేతను చనిపోయిరి. ప్రభుత్వము పిలువగా సోయర్ 1847 ఏప్రిలులో డబ్లిన్ నగరమున ఒక గంజిశాల తెరచెను. కొయ్యతోను గుడ్డతోను కట్టిన పాక. నడుమ 300 గ్యాలనుల కాగు. రెండు కొనల రెండు తలుపులు. బల్లలమీద నూరు గిన్నెలు అమర్చి, ఒక్కొక్క గిన్నెకు గొలుసుతో ఒక చెంచా కట్టిరి. గంట మ్రోగగానే నూరుగురు ఒక తలుపున లోనికి వచ్చి, ఆరు నిమిషములలో త్రాగి, రొట్టెముక్క తీసికొని రెండవ తలుపున వెలుపలికి పోవలెను. గంటకెంతమందికో విద్యార్థులే లెక్కవేసి చూడవచ్చును.

పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో మేము వసతిగృహపు వంటవానిని ప్రతిదినము చూచెడివారము. నలుగురికి వండు కొలతను ఏబదిరెట్లు పెంచినంతమాత్రమున రెండువందల మందికి పప్పు సిద్ధము కాదని అక్కడనే తెలిసికొంటిమి. అడుగున మాడును, పైన ఉడుకదు; వడ్డించువేళకు వరుస తప్పును. సోయర్ పట్టుకొన్న చిక్కు ఇదియే. అనేకులకు అన్నము పెట్టుటలో వంట సగము, ఏర్పాటు సగము.

అతని గంజిలో లోపము లేకపోలేదు. చవుకగా చేయవలెనని అతడు చెప్పిన ఒక వంటకములో రెండు గ్యాలనుల నీటికి, అనగా సుమారు 9 లీటర్లకు, మాంసము 113 గ్రాములు మాత్రమే! కొంత పిండి, బార్లీ, కూరముక్కలు చేర్చిరి గాని బలము చాలదని వైద్యుల పత్రిక 'లాన్సెట్' విమర్శించెను. ఆ విమర్శ న్యాయమైనదే యని మా యభిప్రాయము. ప్రారంభోత్సవమునాడు ఆకలిగొన్నవారు త్రాగుచుండగా ధనికులు రుసుము చెల్లించి చూచుట మరింత జుగుప్సాకరము. అయినను ఆ వేసవిలో ప్రభుత్వ గంజికేంద్రములు దినమునకు సుమారు 30 లక్షల మందికి ఆహారము పెట్టగలిగినవి. వానిని ఆ శరత్తునందే మూసివేసిరి. కరవు మాత్రము తీరలేదు.

1850లో సోయర్ క్లబ్బు కొలువు మానెను. 1851లో లండను మహాప్రదర్శనమునకు చేరువనే సకలదేశముల వంటకములు దొరకు గొప్ప భోజనశాల తెరచి, కొలది నెలలలో ఏడువేల పౌనులు నష్టపోయెను. చేతిలో విద్య ఉన్నంతమాత్రమున చేతిలో డబ్బు నిలుచునని లేదు.

అప్పటికి క్రిమియా యుద్ధము వచ్చినది. గాయములకంటె రోగములచేతనే ఎక్కువమంది సైనికులు చనిపోవుచున్నారని పత్రికలలో చదివి, 1855 ఫిబ్రవరిలో సోయర్ తన ఖర్చుతోనే అక్కడికి పోవుదునని 'టైమ్స్' పత్రికకు లేఖ వ్రాసెను. ఫ్లారెన్స్ నైటింగేల్ సేవ చేయుచున్న స్కుటారి వైద్యశాలలో అతడు చూచినది విచిత్రము. ఒక్కొక్క జట్టు తన మాంసమును త్రాటితో బిగించి, గుర్తునకు ఒక గుడ్డపీలికయో బొత్తామో కట్టి, అందరికిని ఉమ్మడియగు కాగులో వేయుచుండెను. బిగి కట్టుటచే లోపల పచ్చిగా ఉండెడిది. సారమంతయు దిగిన నీటిని పారబోయుచుండెడివారు. సోయర్ కట్లు వదులు చేయించెను, కాగులు తోమించెను, ఆ నీటినే రోగులకు చారుగా మార్చెను. పదార్థములు వెనుకటివే, ఖర్చు హెచ్చలేదు. ఇంత చిన్న దిద్దుబాటు అంతకు ముందు ఎవరికిని తోచకపోవుట మాకు ఆశ్చర్యము గొల్పుచున్నది.

యుద్ధభూమిలో సైనికుని పాటు ఇంతకంటె హీనము. కట్టెలు దొరకక చెట్ల వేళ్లు త్రవ్వి మంట వేసికొనుచు, ఎవరి పచ్చిమాంసమును వారే వండుకొనవలెను. అంతకు ముందటి శీతకాలమున వారికి వేయింపని పచ్చి కాఫీగింజలే పంచిపెట్టిరి! సోయర్ చేయించిన పొయ్యి ఇనుప పీపాయివంటిది. నిప్పు లోపల, పాత్ర పైన, పొగకు గొట్టము. మంట నలుప్రక్కలకు చెదరదు గనుక కట్టె ఏ కొంచెమైనను చాలును. గాలికి, వానకు వెరపు లేదు. రాత్రివేళ శత్రువునకు వెలుగు కనబడదు. ఒక్క పొయ్యిపై సుమారు ఏబదిమందికి వండవచ్చును. అక్కడ అతడు జ్వరముపడి బలహీనుడయ్యెను గాని యుద్ధము ముగియువరకు పని విడువలేదు.

లండను తిరిగివచ్చిన పిమ్మట సైనికుల బారకులలో ఒక ఆదర్శ వంటశాల కట్టించెను. అది 1858 జూలైలో తెరువబడినది. ఆగస్టు 5వ తేదీన అతడు మరణించెను. వయస్సు 48. భార్య ఎమ్మా చిత్రకారిణి; 1842లోనే గతించినది. ఆమెకై తాను కట్టించిన సమాధిలోనే అతనిని ఉంచిరి. మిగిలినవి అప్పులు.

అతని పొయ్యిని బ్రిటిష్ సైన్యము స్వల్పమైన మార్పులతో ఇరువదియవ శతాబ్ది చివరి దశకముల వరకు వాడుచునే యుండెను.