యువజనసేవకులకు శిక్షణము

వైద్యునకు వైద్యకళాశాల గలదు. న్యాయవాదికి న్యాయకళాశాల గలదు. బడిపంతులునకు సైతము శిక్షణవిద్యాలయము గలదు. పల్లెలలో పడుచువాండ్రను చేరదీసి, చదువు మానినవానిని బడికి మరలించి, త్రాగుడునకు లోనగుచున్నవానిని మందలించి, పని వెదకుకొనువానికి దారి చూపు యువజనసేవకునకు మాత్రము ఉత్సాహమొక్కటియే చాలునని మన మెంచుచున్నాము. ఇది పొరపాటని మా యభిప్రాయము.

ఈ విషయమున మన పూర్వులు దూరదృష్టి గలవారు. 1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారును వారి సహచరులును పుస్తకములు సమకూర్చుటతో తృప్తి చెందలేదు. గ్రంథాలయములు నడుపువారికి శిక్షణ తరగతులు పెట్టిరి, సభలు జరిపిరి, ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రికను నడపిరి. ఒక గ్రామపు కార్యకర్తకు కలిగిన చిక్కును, దాని కతడు కనుగొనిన యుపాయమును వేరొక గ్రామమువారికి తెలియుటకు ఇవియే సాధనములైనవి.

నిజాము రాజ్యమున సభ జరుపవలెనన్న సర్కారు అనుమతి కావలసియుండెను. అయినను 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన జరిగిన ప్రథమాంధ్రమహాసభ మొదలుకొని ఊరూరి కార్యకర్తలు ఒండొరుల నెరుగగలిగిరి. ఈ జనగామ ప్రాంతముననే, కడవెండిలో, 1946 జులై 4వ తేదీన దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఆనాటి యువకుల ధైర్యమును మనము కొనియాడుదుము. కాని వారి వెనుక సంఘమొకటి యుండెనని మరతుము.

స్వరాజ్యానంతరము 1969లో జాతీయ సేవాపథకమును, 1972లో నెహ్రూ యువకేంద్రములును వెలసినవి. 1993లో శ్రీపెరుంబుదూరున రాజీవ్ గాంధీ పేర యువజనాభివృద్ధి సంస్థ యేర్పడినది. సంస్థలకు లోటు లేదు. లోటెచ్చట? యువకేంద్రముల పథకమున స్వచ్ఛందసేవకుని రెండేండ్లకు మించి యుంచు నేర్పాటు లేకుండెను. పని యలవడునప్పటికి గడువు తీరును. అతడు నేర్చినదంతయు అతనితోనే యింటికి పోవును; వెనుక వచ్చువాడు మరల ఓనమాలతో మొదలిడును.

కావున నర్మెట్ట పెద్దలకు మా సూచన యిది. నర్మెట్ట, తరిగొప్పుల, బచ్చన్నపేట మండలముల యువజనసేవకులు నెలకొక దినము నర్మెట్టలో కూడవలెను. ఉపన్యాసములు వలదు. ఒక్కొక్కరు తమకు తెగని చిక్కు నొకదానిని చెప్పవలెను; తక్కినవారు ఆలోచన చెప్పవలెను. ఓపికతో వినుట, చెప్పిన రహస్యమును దాచుట, ఆడపిల్లలకు భద్రత కల్పించుట, ఏ రోగిని ఎప్పుడు వైద్యునికడకు పంపవలెనో గుర్తించుట, లెక్కలు వ్రాయుట - ఇవి అనుభవజ్ఞులు నేర్పవలసిన విద్యలు. పాతవాడు క్రొత్తవానిని వెంటబెట్టుకొని కొన్నినెలలు తిప్పినగాని బాధ్యత నప్పగింపరాదు.

దీనికి గొప్ప నిధి యక్కరలేదు. ఒక గది, ఒకపూట భోజనము, రానుపోను బస్సు ఛార్జీలు చాలును. వివాహములకు లక్షలు వెచ్చించు గృహస్థులకు ఇది భారమని మేము తలపము. పట్నమునకు పోయి చేతులు కాల్చుకొని తిరిగివచ్చిన కుమారునితో మాటలాడు నేర్పు గలవాడొకడు ఊర నుండుట తమకే మేలని వారు గ్రహింతురుగాక!

విత్తనము మేలైనదైనను దున్నని నేలపై జల్లిన పంట రాదని మా పాఠకులగు కర్షకులకు మేము చెప్ప నక్కరలేదు.