జెట్ స్కీ లాగడం లేదా? ఇంజిన్ విప్పే ముందు పంపు చూడండి

కోట చుట్టుపక్కల బోరు మోటారు ఉన్న ప్రతి రైతుకూ ఈ సంగతి అనుభవమే. మోటారు బాగానే తిరుగుతుంది, కరెంటూ కాలుతుంది, నీళ్లు మాత్రం సన్నబడతాయి. పైకి తీసి చూస్తే లోపలి ఇంపెల్లర్లను ఇసుక తినేసి ఉంటుంది. సముద్రం మీద నిలబడి నడిపే జెట్ స్కీకి వచ్చే జబ్బూ ఇలాంటిదే. ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు దూకదు. చాలామంది వెంటనే ఇంజిన్ విప్పిస్తారు, లేదంటే ఖరీదైన కొత్త ఇంపెల్లర్ కొంటారు. డబ్బు పోతుంది, లోపం అలాగే ఉంటుంది.

నెల్లూరు, కడప వైపు నుంచి గల్ఫ్ వెళ్లి మెకానిక్ పని చేసుకునే కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. అక్కడి బీచ్‌లలో జెట్ స్కీలు అద్దెకివ్వడం మామూలు వ్యాపారం. ఈ పంపు పని తెలిస్తే చేతిలో మరో హునర్ ఉన్నట్టే. బోరు మోటారు విప్పిన చేతికి ఇది మరీ కొత్తేమీ కాదు.

తోపు ఎక్కడి నుంచి వస్తుంది?

నిలబడి నడిపే జెట్ స్కీని కవాసకి కంపెనీ 1973లో మార్కెట్‌లోకి తెచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా సూత్రం ఒక్కటే. మన ఫైబర్ బోటు మోటారుకు ఉన్నట్టు దీనికి బయట తిరిగే ఫ్యాను ఉండదు. అడుగున ఉన్న జాలీ గుండా పంపు నీటిని పీలుస్తుంది. గొట్టం లోపల తిరిగే ఇంపెల్లర్ ఆ నీటిని వెనక్కు నెడుతుంది. సుడి తిరిగిన నీటిని స్టేటర్ రెక్కలు తిన్నగా చేస్తాయి. చివర్లో సన్నబడిన నాజిల్ నుంచి నీరు వేగంగా చిమ్ముతుంది. కోస్ట్ గార్డ్ వాళ్ల ఇంటర్‌సెప్టర్ బోట్లు కూడా ఇలాంటి వాటర్ జెట్‌తోనే పరిగెడతాయి.

లెక్క చూద్దాం. సెకనుకు 100 లీటర్ల నీరు సెకనుకు 20 మీటర్ల వేగంతో బయటికి పోతే, ఆగి ఉన్న బండికి సుమారు 2,000 న్యూటన్ల తోపు వస్తుంది. అంటే దాదాపు 200 కిలోల బరువుతో నెట్టినంత. బండి సెకనుకు 10 మీటర్ల వేగం అందుకున్నాక అదే ధార ఇచ్చే తోపు సగమే. ఎందుకంటే లెక్కలోకి వచ్చేది ధార వేగానికీ బండి వేగానికీ ఉన్న తేడా. కాబట్టి మంచి పికప్ కావాలంటే పంపులోకి వచ్చిన నీరు వృథా కాకుండా నాజిల్ దాకా చేరాలి.

మొదట గ్యాప్, తర్వాత గాలి

ఇంపెల్లర్ అంచుకూ దాని చుట్టూ ఉండే వేర్ రింగ్‌కూ మధ్య సందు చాలా తక్కువ ఉండాలి. కొత్త పంపులో అది సుమారు 0.3 మిల్లీమీటర్లు. 0.6 దాటితే చాలా మోడళ్లలో రింగ్ మార్చే సమయం వచ్చినట్టే. కచ్చితమైన అంకె ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి. ఫీలర్ గేజ్‌తో ఒక్కచోట కొలిస్తే చాలదు, చుట్టూ నాలుగైదు చోట్ల కొలవాలి. రింగ్ ఒకవైపే అరిగి ఉండొచ్చు. సందు పెరిగితే నెట్టిన నీరు తిరిగి ముందుకే జారిపోతుంది. ఇసుక తీరంలో లోతులేని నీళ్లలో నడిపితే ఈ అరుగుడు త్వరగా వస్తుంది.

రెండోది గాలి. పంపు, బండి అడుగు కలిసే చోట సీల్ ఊడితే నీటితో పాటు గాలి కూడా లోపలికి వస్తుంది. ఇంపెల్లర్‌కు పట్టు దొరకదు, ఇంజిన్ చక్రాలు ఒక్కసారిగా పెరుగుతాయి. జాలీలో వల తాడో ప్లాస్టిక్ సంచో ఇరుక్కుంటే నీరు చాలక కావిటేషన్ వస్తుంది. అంటే ఒత్తిడి పడిపోయి నీరు అక్కడికక్కడే ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు పగిలే దెబ్బకు రెక్కల మీద గుంటలు పడతాయి.

ఇంపెల్లర్, నాజిల్ చివర్లోనే

సందు, సీల్, జాలీ సరిగ్గా ఉన్నాకే పిచ్ సంగతి. ఫుల్ గ్యాస్‌లో కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం అందకపోతే, ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టయితే, పిచ్ ఎక్కువైనట్టు. ఆర్‌పీఎం దాటిపోతుంటే తక్కువైనట్టు. నాజిల్ రంధ్రం చిన్నదైతే ధార వేగం పెరిగి టాప్ స్పీడ్‌కు కలిసొస్తుంది, కానీ మొదటి లాగుడు తగ్గుతుంది. పెద్దదైతే దానికి రివర్స్. రెండూ ఒకేసారి దొరకవు. ఒకసారికి ఒక్కటే మార్చి, నీళ్లలో నడిపి చూడాలి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ప్రాణం ముందు, పికప్ తర్వాత

జాలీలో ఇరుక్కున్నది తీసే ముందు ఇంజిన్ ఆపాలి, చేతికి కట్టుకునే లాన్‌యార్డ్ తీసేయాలి. నడుస్తున్న పంపు దగ్గరికి చున్నీ, పొడవు జుట్టు, లుంగీ రాకూడదు. లోపలికి లాగేస్తుంది. వెనక చిమ్మే ధారకు ఎదురుగా పిల్లల్ని నిలబెట్టకూడదు. లోపలి అవయవాలకు గాయమయ్యేంత బలం దానికి ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: ముందు మనిషి కనబడితే భయంతో గ్యాస్ వదిలేస్తారు. గ్యాస్ వదిలితే ధార ఆగుతుంది, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. స్నానం చేసేవాళ్లకు దూరంగా నడపడం ఒక్కటే దీనికి మందు. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కనే కూడదు.

ఉప్పునీళ్లలో నడిపిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి. పైపు పెట్టేటప్పుడు ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి తర్వాత నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి తర్వాత ఇంజిన్ ఆపాలి. ఈ వరుస తప్పితే నీరు ఇంజిన్‌లోకి పోతుంది. నీళ్లు లేకుండా 15 సెకన్లకు మించి నడపొద్దని కంపెనీలే చెబుతాయి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు బేరం తెగకముందే ఫీలర్ గేజ్ అడిగి తీసుకుని వేర్ రింగ్ కొలవాలి. పెయింట్ మెరుపు కంటే ఆ సందే బండి వయసును నిజంగా చెబుతుంది.