సొసైటీలో డబ్బు పెట్టే ముందు: రిజిస్టరైన సహకార సంఘాల హక్కులు, బాధ్యతలు



స్కాలర్‌షిప్పు దరఖాస్తులు సరిచూసే పనిలో ఉండగా ఒకసారి మన చిక్కసూగూరు ఫ్యాక్టరీ కార్మికుడు ఒకాయన వచ్చాడు. కొడుక్కి ఇంజనీరింగులో సీటు వచ్చింది. ఫీజు కోసం నాలుగేళ్ళు కూడబెట్టిన సొమ్ము ఒక సొసైటీలో డిపాజిట్టు వేశాడు. గడువు తీరాక అడిగితే, "ఇప్పుడు లేదు, విడతలుగా ఇస్తాం" అన్నారట. "సార్, రిజిస్టరైన సొసైటీయే కదా, గవర్నమెంటు పూచీ ఉండదా?" అని అడిగాడు.

ఉండదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చాలామందికి ఇదే అపోహ ఉంది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్ అంటే ఏమిటి?

మన దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చింది. ఆ చట్టం కింద 1905లో తొలి సంఘం ఏర్పడింది మన రాష్ట్రంలోనే, గదగ్ దగ్గరి కణగినహాళ గ్రామంలో. మన రాయచూరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తర్వాత అన్ని ప్రాంతాలకూ ఒకే చట్టంగా 1959 నాటి కర్ణాటక సహకార సంఘాల చట్టం వచ్చి, 1960 జూన్ 1 నుంచి అమలైంది. సౌహార్ద సహకారి సంఘాలకు 1997 నాటి చట్టం వేరే ఉంది. ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే సంఘాలు 2002 నాటి కేంద్ర చట్టం కిందికి వస్తాయి. కృష్ణ దాటితే తెలంగాణ, తుంగభద్ర దాటితే ఆంధ్ర కాబట్టి మనకు మూడు రకాలూ ఎదురవుతాయి. మీ సొసైటీ ఏ చట్టం కింద రిజిస్టరైందో ముందు చూడండి. ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

రిజిస్టరైన సంఘం చట్టం దృష్టిలో ఒక వ్యక్తితో సమానం. అధ్యక్షుడు మారినా, సభ్యులు మారినా సంఘం కొనసాగుతుంది. అంతేగాని రిజిస్ట్రారు ముద్ర డిపాజిట్టుకు జామీను కాదు.

సంఘానికి ఉన్న హక్కులు

1. తన పేరు మీద ఆస్తి కొనవచ్చు, ఒప్పందాలు చేసుకోవచ్చు, దావా వేయవచ్చు.

2. సభ్యుడు బాకీ పడితే అతని షేరు ధనం మీద సంఘానికి హక్కు ఉంటుంది. పంట అప్పు ఇస్తే ఆ పంట మీద కూడా ఉంటుంది.

3. ఉద్యోగి ఒప్పుకొని సంతకం చేస్తే జీతంలోంచి వాయిదా కోయించవచ్చు.

4. బాకీ మీద వచ్చిన తీర్పును సివిల్ కోర్టు డిక్రీ లాగే అమలు చేయించవచ్చు. జామీను పెట్టినవాడికీ ఇది వర్తిస్తుంది. మొహమాటానికి జామీను సంతకం పెట్టకండి.

సంఘం చేయవలసినవి

ఏటా లెక్కలు ఆడిట్ చేయించాలి, సర్వసభ్య సమావేశం పెట్టి ఆ లెక్కలు సభ్యుల ముందుంచాలి. నికర లాభంలో కనీసం నాలుగో వంతు రిజర్వు నిధికి తీయాలి. గడువు ప్రకారం పాలకవర్గానికి ఎన్నికలు జరగాలి. చట్టం ప్రతి, బైలాల ప్రతి ఆఫీసులో సభ్యులు ఉచితంగా చూసుకునేలా ఉంచాలన్న నియమం 1912 చట్టం నాటి నుంచీ ఉంది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. బ్యాంకులో జీవితమంతా లెడ్జర్లు సరిచూసినవాణ్ణి. అయినా నేను సభ్యుడిగా ఉన్న సొసైటీ వార్షిక సభలో జమాఖర్చులు చదువుతుంటే, వినకుండానే చెయ్యెత్తి ఆమోదం తెలిపి, టిఫిన్ తిని ఇంటికి వచ్చేవాణ్ణి. వసూలు కాని అప్పులు ఎన్ని అని ఒక్క ఏడూ అడగలేదు. సహకార సంఘంలో ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు. ఆ ఓటు వాడనివాడికి తర్వాత గొణిగే హక్కు ఎక్కడిది?

డిపాజిట్టు సంగతి

బ్యాంకు డిపాజిట్టుకు, సహకార బ్యాంకుతో సహా, డిపాజిట్ ఇన్సూరెన్సు ఉంది. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఆ పరిమితి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు. మామూలు సహకార సొసైటీకి ఆ ఇన్సూరెన్సు లేదు. కొన్ని సొసైటీలు పేరులో 'బ్యాంకు' అని చేర్చుకుంటున్నాయని, సభ్యులు కానివారి దగ్గరా, నామమాత్రపు సభ్యుల దగ్గరా డిపాజిట్లు తీసుకుంటున్నాయని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో ప్రజలను హెచ్చరించింది. మన కార్మికుడి పాస్‌బుక్కులోనూ 'నామమాత్రపు సభ్యుడు' అనే ఉంది. అంటే ఓటు లేదు, లాభంలో వాటా లేదు, సొమ్ము మాత్రం ఇరుక్కుంది.

వివాదం వస్తే

1959 చట్టం 70వ సెక్షను ప్రకారం సభ్యుడికీ సంఘానికీ మధ్య వ్యాపార వివాదాలు సివిల్ కోర్టుకు కాక రిజిస్ట్రారు వద్దకు వెళ్ళాలి. రాయచూరులో సహకార శాఖ ఆఫీసు ఉంది. పాస్‌బుక్కు, డిపాజిట్టు బాండు, రసీదుల జిరాక్సులు జతచేసి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సమాచార హక్కు కింద సొసైటీనే నేరుగా అడగవచ్చా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2013లో జవాబిచ్చింది. రిజిస్టరైనంత మాత్రాన సొసైటీ ఆ చట్టం కిందికి రాదు. కాని చట్టప్రకారం రిజిస్ట్రారు తెప్పించుకోగల సమాచారాన్ని ఆయన ద్వారా అడగవచ్చు.

ఆ కార్మికుడు అలాగే దరఖాస్తు పెట్టాడు. సొమ్ము కొద్దికొద్దిగా వస్తోంది. కాని కాలేజీ ఫీజు గడువు ఆగదు కదా. బావమరిది దగ్గర అప్పు చేసి కట్టాడు.

సొసైటీలు చెడ్డవని నా ఉద్దేశం కాదు. రైతుకు, కూలికి వడ్డీ వ్యాపారి బారి నుంచి కాపు కాసినవి అవే. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలు సభ్యులుగా చేరండి, వార్షిక సభకు వెళ్ళండి, ఆడిట్ రిపోర్టు అడిగి చదవండి. తల్లిదండ్రులకు ఒక్క మనవి. రాబోయే ఏడు కట్టవలసిన ఫీజు సొమ్మును మాత్రం, ఒకటి రెండు శాతం వడ్డీ ఎక్కువ వస్తుందని, ఇన్సూరెన్సు లేని చోట పెట్టకండి.