ఆదివారం వంటింట్లో ఎవరున్నారు?

ఆదివారం పొద్దున ఆరు గంటలకే మన ఊళ్లలో చికెన్ షాపు ముందు జనం చేరతారు. ఏడింటికల్లా అల్లం వెల్లుల్లి నూరిన వాసన వీధిదాకా వస్తుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పలావు, కోడికూర. గోదావరి వైపు చేపల పులుసో, రొయ్యల ఇగురో. తెలంగాణలో బగారా అన్నం, దాంట్లోకి మటనో, తలకాయ కూరో. రాయలసీమలో రాగిసంగటి, నాటుకోడి పులుసు. వారమంతా పప్పుచారు, పచ్చడితో సర్దుకున్న ఇల్లు కూడా ఆ ఒక్క పూట కూరలో నూనె కాస్త ఎక్కువే పోస్తుంది. ఆరాధన ముగిశాక ఇల్లు చేరి, చెప్పులు విడిచీ విడవకముందే అంతా కలిసి కంచాల ముందు కూర్చోవడం తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఎంతో ఇష్టమైన ఘడియ.

అందులో తప్పు లేదు. పైగా దానికి బైబిల్లో మంచి ఆధారమే ఉంది. యెరూషలేములో నీటి గుమ్మం ఎదుటి మైదానంలో ఎజ్రా ధర్మశాస్త్రాన్ని చదివి వినిపించిన రోజున ప్రజలు ఏడుస్తుంటే, ఇది పరిశుద్ధ దినం, దుఃఖపడవద్దు, వెళ్లి రుచికరమైనవి తినండి, తియ్యనివి తాగండి, ఏమీ సిద్ధం చేసుకోలేని వారికి వంతులు పంపండి అని వారికి చెప్పారు (నెహెమ్యా 8:10). వాక్యం విన్న తరువాత విందు భోజనం చేయడం భక్తికి విరుద్ధం కాదన్నమాట! అయితే అదే అధ్యాయంలో మనం గమనించకుండా దాటిపోయే మాట ఒకటుంది. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి విన్నది పురుషులు మాత్రమే కాదు. స్త్రీలూ విన్నారు (8:3). ముందు అందరూ విన్నారు, తరువాత అందరూ తిన్నారు.

మన ఇళ్లలో ఆ క్రమం అలాగే ఉందా? ఇంటి యజమాని ఇస్త్రీ చొక్కా వేసుకుని, బైబిలు చేత పట్టుకుని తొమ్మిదిన్నరకు మొదటి వరుసలో ఉంటాడు. నాలుగింటికే లేచిన గృహిణి పిల్లల్ని సండే స్కూలుకు తయారు చేసి, ఉల్లిపాయలు వేయించి, కుక్కర్ మూడో విజిల్ విని, గ్యాస్ కట్టేసి, తడి జుట్టుతో పరుగున వచ్చేసరికి స్తుతి గీతాలు అయిపోతాయి. తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చుంటుంది. ప్రసంగం సాగుతుండగా, పెరుగు గిన్నె మీద మూత పెట్టానా లేదా అన్న అనుమానం. ఇంటికి చుట్టాలు వచ్చే రోజైతే ఆశీర్వాదానికి ముందే వెనక నుంచి మెల్లగా జారుకోవడం. వారానికి అరగంట చొప్పున ఆరాధన పోతే ఏడాదికి 26 గంటలు. ఇరవై ఏళ్ల కాపురంలో 520 గంటలు! ఒక విశ్వాసి కోల్పోయిన ఈ లెక్క ఏ సంఘం రిజిస్టరులోనూ కనబడదు.

విశ్రాంతి దినపు వంట విషయంలో దేవుడు స్వయంగా ఒక ఏర్పాటు చేశాడు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు మన్నాను తలకు ఒక ఓమెరు చొప్పున కూర్చుకునేవారు. ఆరవ దినాన మాత్రం తలకు రెండు ఓమెర్లు. కాల్చేది కాల్చుకుని, వండేది వండుకుని, మిగిలింది మర్నాటికి ఉంచుకోమని మోషే చెప్పాడు (నిర్గమ 16:23). మామూలు రోజుల్లో మిగుల్చుకుంటే పురుగుపట్టి కంపుకొట్టిన మన్నా, ఆ ఒక్క రాత్రి మాత్రం చెడలేదు. ఇది 16వ అధ్యాయం. పది ఆజ్ఞలు వచ్చింది 20వ అధ్యాయంలో! సీనాయి కొండ దగ్గర రాతి పలకల మీద ఆజ్ఞ రాకముందే, దేవుడు తన ప్రజలకు విశ్రాంతి పాఠాన్ని వంట దగ్గర మొదలుపెట్టాడు.

ఆ పాఠాన్ని యూదు గృహిణులు శతాబ్దాలుగా ఒక కుండలో భద్రం చేసుకున్నారు. శుక్రవారం సూర్యాస్తమయం కాకముందే చిక్కుడు గింజలు, బార్లీ, మాంసం, బంగాళదుంపలు ఒక్క కుండలో వేసి, మూత బిగించి, సన్నని సెగమీద ఉంచేస్తారు. రాత్రంతా అదే ఉడుకుతుంది. శనివారం సమాజమందిరం నుంచి వచ్చాక కొత్తగా నిప్పు రాజేయకుండానే వేడివేడి భోజనం సిద్ధం. తూర్పు యూరప్ యూదులు దీన్ని చోలెంట్ అంటారు. హీబ్రూలో దీని పేరు హమీన్, వేడిగా ఉండేది అని అర్థం. ఇంట్లో పొయ్యికి అంత స్తోమత లేనివాళ్లు తమ కుండను ఊళ్లో రొట్టెలు కాల్చేవాడి పెద్ద పొయ్యిలో పెట్టించుకుని మర్నాడు తెచ్చుకునేవారు. బాగ్దాదు యూదులైతే కోడి కడుపులో బియ్యం కూరి అలాగే రాత్రంతా ఉడకనిస్తారు.

మనకు ఆ నియమం లేదు. ప్రభువు పునరుత్థాన దినాన్ని ఆచరించే మనం ఆదివారం పొయ్యి వెలిగించవచ్చా లేదా అని తర్కించనక్కర్లేదు. అన్నపానాల విషయంలో, విశ్రాంతి దినం విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని పౌలు తేల్చేశాడు (కొలస్సీ 2:16). కాని ఆ కుండ వెనుక ఉన్న ముందుచూపు మాత్రం మనం నేర్చుకోదగినదే.

నిజానికి మన వంటల్లోనే దానికి వీలుంది. చేపల పులుసు శనివారం రాత్రి పెడితేనే మేలు. మర్నాటికి ముక్కకు పులుపు, కారం బాగా పడతాయి. ఆదివారం గరిటె పెట్టకుండా గిన్నె కుదుపుతూ వేడి చేస్తే చాలు. మటన్ ముక్కలకు ఉప్పు, పసుపు వేసి రాత్రే మెత్తగా ఉడికించి ఫ్రిజ్‌లో ఉంచితే, మర్నాడు తాలింపు, మసాలా పని పావుగంటే. కోడి ముక్కలకు పెరుగు, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెడితే ఆరాధన నుంచి వచ్చాక అరగంటలో కూర అవుతుంది. గోంగూర ఉడికించి మెదిపి ఉంచవచ్చు. బగారాకు మసాలా దినుసులు, తరిగిన ఉల్లిపాయలు డబ్బాల్లో సిద్ధంగా ఉంటే, బియ్యం నానబెట్టుకోవడమే మిగిలింది. ఫ్రిజ్ లేని ఇంట్లో మాంసం జోలికి పోకుండా పులిహోర గుజ్జు శనివారం చేసిపెట్టుకుంటే, ఆదివారం అన్నం వార్చి కలుపుకోవచ్చు. రాగిసంగటి మాత్రం ముందురోజు మాటకు లొంగదు. దాన్ని అప్పటికప్పుడు కెలికి వేడివేడిగా తినాల్సిందే. సంగటి ఇష్టపడే ఇంట్లో మగవాళ్లు తెడ్డు పట్టుకుని చెయ్యి సాయం చేయాలి మరి!

కాని శనివారం పని అంతా ఆమె ఒక్కతే చేస్తే ఒరిగేదేమీ లేదు. ఆదివారం భారం శనివారానికి మారుతుందంతే. మార్త ప్రభువుతో చెప్పుకున్న బాధ కూడా వంట గురించి కాదు, తాను ఒంటరిగా చేయాల్సి వచ్చిందని (లూకా 10:40). ఈ వాక్యభాగం మీద మన స్త్రీలను మందలిస్తూ ఎన్నో ప్రసంగాలు జరుగుతాయి. ఆ ప్రసంగం చేసిన పాస్టరుగారికి ఆ రోజు భోజనం ఏ మార్త ఇంట్లోనో ఏర్పాటై ఉంటుంది! యేసుప్రభువు ఆమెను వంట మానమనలేదు. తరువాత బేతనియలో ఆయనకు విందు చేసినప్పుడు కూడా వడ్డించింది మార్తే (యోహాను 12:2). అప్పుడు ఆమె నోట ఫిర్యాదు లేదు, ప్రభువు నోట మందలింపూ లేదు.

ఆరాధన అయ్యాక ప్రభువు భోజనానికి ఒక ఇంటికి వెళ్లిన సంఘటనను మార్కు రాశాడు. కపెర్నహూములో విశ్రాంతి దినాన సమాజమందిరం నుంచి ఆయన తిన్నగా సీమోను, అంద్రెయల ఇంటికి వెళ్లాడు. వెంట యాకోబు, యోహాను కూడా ఉన్నారు. మన ఇళ్లకు పాస్టరుగారు, నలుగురు పెద్దలు వచ్చినట్టే! ఇంట్లో సీమోను అత్తగారు జ్వరంతో పడి ఉంది. ఆ సంగతి చెప్పగానే ప్రభువు ఆమె దగ్గరికి వెళ్లి, చెయ్యి పట్టుకుని లేపాడు. జ్వరం వదిలాకే ఆమె వారికి ఉపచారం చేసింది (మార్కు 1:29-31). వడ్డన సంగతి తరువాత, ముందు వడ్డించే మనిషి ఆరోగ్యం. ఆదివారం ఒంటిగంటకు మన ఇంట్లో వంట చేసిన ఆమె నడుం పట్టుకుని నిలబడితే, ఎవరైనా ఆమె ముఖం వంక చూస్తున్నామా?

వంట ఆడవాళ్ల పని అనేవారికి యోహాను 21వ అధ్యాయం కొంత ఇబ్బంది పెడుతుంది. తిబెరియ సముద్రం ఒడ్డున రాత్రంతా వలలు వేసి అలసిన శిష్యులు గట్టుకు చేరేసరికి నిప్పులు రాజి ఉన్నాయి, వాటిమీద చేప ఉంది, రొట్టె కూడా ఉంది. మరణాన్ని జయించి లేచిన ప్రభువు వారికి ఉదయపు భోజనం సిద్ధం చేసి, తన చేతులతో వడ్డించాడు. వలలో పడిన చేపలు 153 అని యోహాను లెక్కపెట్టి మరీ రాశాడు. తిన్న తరువాత అక్కడ శుభ్రం చేసిందెవరో మాత్రం రాయలేదు.

మన ఇళ్లలో గిన్నెలు కడిగేది ఎవరో మనకు తెలుసు. ఎక్కువ ఇళ్లలో పనిమనిషి. పలావు వండిన రోజున ఆమెకు మామూలుకంటే రెండింతలు అంట్లు. ఆమె కూడా విశ్వాసే కావచ్చు. ఊరి చివర పేటలోని చిన్న మందిరంలో ఆరాధన జరుగుతున్న వేళకు ఆమె మన పెరట్లో మసిబట్టిన గిన్నెలు తోముతుంటుంది. ద్వితీయోపదేశకాండం విశ్రాంతి దినపు ఆజ్ఞను మళ్లీ చెబుతూ దాసుడు, దాసి కూడా నీలాగే విశ్రమించాలని ప్రత్యేకంగా కారణం చూపింది. నువ్వూ ఐగుప్తులో దాసుడవై ఉన్నావని గుర్తుచేసింది (5:14-15). ఇంటి కొడుకూ కూతుళ్లతోపాటు పనిమనిషి పేరు కూడా ఆ ఆజ్ఞలో ఉంది. మనం చదివేటప్పుడు ఆ మాటను గబగబా దాటిపోతాం.

ఆమెకు జీతం కోయకుండా ఆదివారం సెలవిచ్చే కుటుంబాలు మన సంఘాల్లో లేకపోలేదు. శనివారం సాయంత్రమే చుట్టూ పని ముగించుకుని వెళ్లమంటారు. వండిన పులుసులో ఆమె వంతు డబ్బాలో పెట్టి అప్పుడే చేతికిస్తారు. ఆదివారం భోజనం అయ్యాక కంచాలు ఎవరివి వాళ్లే కడుక్కుంటారు, గ్లాసులు పిల్లల వంతు, కూర గిన్నెలు ఇంటాయన వంతు. బగారా వండిన గిన్నె అడుగు మాత్రం రాత్రంతా నానితే తప్ప వదలదు. అది సోమవారం దాకా ఆగినా ఫరవాలేదు.