గోడ గూట్లో ఫ్రిజ్ పెడుతున్నారా?

చోడవరం చెరకుకీ, బెల్లానికీ పేరున్న ఊరు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది.

ఇలాంటి ఊళ్లలో పెంకుటిళ్లు పోయి డాబాలు లేస్తున్నాయి. డాబా కట్టేటప్పుడే కొందరు వంటగది గోడలో ఒక గూడు వదిలిస్తున్నారు. “ఇది ఫ్రిజ్‌కి” అని మేస్త్రీకి చెబుతున్నారు. ఫ్రిజ్ గూట్లో ఉంటే నడిచే దారికి అడ్డం ఉండదు. చూడటానికీ బాగుంటుంది.

ఆలోచన మంచిదే. కాని గూడు ఇరుకైతే ఫ్రిజ్ పాడవుతుంది. ఎర్తు లేకపోతే మనిషి ప్రాణమే పోవచ్చు. అందుకని ఫ్రిజ్ కొనే ముందే, ఇంకా చెప్పాలంటే గోడ కట్టే ముందే, కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ఫ్రిజ్ ఎలా పని చేస్తుంది?

ఎండాకాలం మట్టికుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. ఎందుకు? కుండ ఒంటి మీద చెమ్మ ఊరుతుంది. ఆ చెమ్మ ఆరిపోతూ లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతుంది.

ఫ్రిజ్‌లో జరిగేదీ ఇలాంటిదే. లోపలి గొట్టాల్లో ఒక ద్రవం ఆవిరి అవుతూ పాల వేడినీ, కూరల వేడినీ లాగేసుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కుతుంది. సైకిల్‌కి గాలి కొడితే పంపు వేడెక్కుతుంది గదా! అలాగే నొక్కిన ఆవిరి కూడా వేడెక్కుతుంది. అది బయటి గొట్టాల్లోకి వెళ్లి, వేడిని గాలికి వదిలేసి, మళ్లీ ద్రవం అవుతుంది. ఇలా తిరుగుతూనే ఉంటుంది.

అంటే ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి మోసి పోస్తుంది. ఆ వేడి పోవడానికి దారి ఉండాలి. దారి లేకపోతే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది. చివరికి కంప్రెసర్ కాలిపోతుంది.

గూడు ఎంత ఉండాలి?

పాత ఫ్రిజ్‌లకి వెనకాల నల్లటి గొట్టాల జాలీ కనిపించేది. కొత్త వాటిలో చాలావాటికి ఆ గొట్టాలు పక్క రేకుల లోపల ఉంటాయి. పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అందుకని వెనకే కాదు, పక్కలా ఖాళీ ఉండాలి.

ఎంత ఖాళీ వదలాలో ఫ్రిజ్‌తో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. ముందు అది చదవాలి. అందులో లేకపోతే వెనక 4 అంగుళాలు, రెండు పక్కలా 2 అంగుళాల చొప్పున, పైన 1 అడుగు వదలడం మంచిది.

ఒక లెక్క చూద్దాం. ఫ్రిజ్ వెడల్పు 22 అంగుళాలు అనుకుందాం. రెండు పక్కలా 2 అంగుళాల చొప్పున కలిపితే 26 అంగుళాలు. గూడు వెడల్పు అంత ఉండాలి. ఫ్రిజ్ లోతు 26 అంగుళాలైతే, వెనక 4 కలిపి గూడు లోతు 30 అంగుళాలు. గూట్లోంచి ఫ్రిజ్ కొంచెం ముందుకు వచ్చినా తప్పు లేదు. వెనక గోడకి ఆనించడమే తప్పు.

వేడి గాలి పైకి పోతుంది. కాబట్టి గూడు పైభాగం మూసెయ్యకూడదు. ఫ్రిజ్ మీద బట్టలు, అట్టపెట్టెలు పేర్చకూడదు. గూటికి చెక్క తలుపులు బిగించకూడదు. పట్నాల్లో చెక్క బీరువా లోపల అమర్చే ఫ్రిజ్‌లు కూడా అమ్ముతారు. వాటిని అందుకోసమే వేరుగా తయారుచేస్తారు. గాలి రావడానికి, పోవడానికి వాటికి దారులు ఉంటాయి. మామూలు ఫ్రిజ్‌ని అలా మూసిపెడితే దానికి ఊపిరాడదు.

గూడు పొయ్యి పక్కన ఉండకూడదు. ఎండ పడకూడదు. వానకి నానే గోడ అయితే అసలు వద్దు. ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

ఎర్తు అంటే ఏమిటి?

ఎర్తు అంటే నేల. ఫ్రిజ్ ఒళ్లంతా ఇనుప రేకు. లోపల తీగ మీది తొడుగు చిట్లినా, ఎలుక కొరికినా, కరెంటు ఆ రేకులోకి వస్తుంది. ఎర్తు తీగ సరిగా ఉంటే ఆ కరెంటు నేలలోకి పోతుంది. ఫ్యూజ్ ఎగిరిపోతుంది. ఎర్తు లేకపోతే ఆ కరెంటు తలుపు పట్టుకున్న మనిషి ఒంట్లోంచి నేలలోకి పోతుంది. తడి చేతులు, చెప్పుల్లేని కాళ్లు, కడిగిన గచ్చు - ఇవన్నీ వంటగదిలో రోజూ ఉండేవే.

ఫ్రిజ్ ప్లగ్గుకి మూడు పిన్నులు ఉంటాయి. లావుగా, పొడుగ్గా ఉన్నది ఎర్తు పిన్ను. కొందరు దాన్ని విరిచేసి రెండు పిన్నుల సాకెట్‌లో పెడతారు. ఫ్రిజ్ పని చేస్తుంది. అందుకే తప్పు జరిగినట్టు తెలియదు. షాక్ కొట్టిన రోజు తెలుస్తుంది.

సాకెట్‌కి మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. దాని వెనక ఆకుపచ్చ తీగ ఉండాలి. ఆ తీగ ఇంటి బయట ఎర్తు గుంత దాకా వెళ్లాలి. పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి. కొందరు ఎర్తు తీగని తీసుకెళ్లి న్యూట్రల్‌కి కలిపేస్తారు. అది చాలా ప్రమాదం. ఫ్రిజ్ కింద చెక్క స్టాండు పెట్టినా అది ఎర్తు పని చెయ్యదు.

మెయిన్ బోర్డులో ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి పెట్టించుకుంటే ఇంకా మంచిది. 30 మిల్లీ ఆంపియర్లది అడగాలి. కరెంటు దారి తప్పిందంటే అది కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది.

ఫ్రిజ్‌కి సొంత సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడకూడదు. మిక్సీ, ఇస్త్రీపెట్టె అదే సాకెట్‌కి కలపకూడదు. స్విచ్చి ఫ్రిజ్ వెనకాల దాక్కోకూడదు. గూటి పక్కన చెయ్యి అందేలా ఉండాలి. ఆపద వస్తే ఫ్రిజ్ జరిపి స్విచ్చి కట్టే సమయం ఉండదు.

తెచ్చిన రోజు

అనకాపల్లి నుంచో, విశాఖ నుంచో ఆటోలో తెస్తారు. ఫ్రిజ్‌ని నిలబెట్టే తేవాలి. పడుకోబెట్టి తెస్తే నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి గాని స్విచ్చి వెయ్యకూడదు. పుస్తకంలో ఎంతసేపు అని ఉంటే అంతసేపు ఆగాలి. నాలుగు కాళ్లూ నేలకి ఆనాలి. ఊగకూడదు.

ఫ్రిజ్ మీద నక్షత్రాల చీటీ ఉంటుంది. ఇంధన పొదుపు సంస్థ దీన్ని 2006లో మొదలుపెట్టింది. నక్షత్రాలు ఎక్కువైతే కరెంటు ఖర్చు తక్కువ. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో కూడా దాని మీద ఉంటుంది. ఆ అంకెని 12తో భాగిస్తే నెలకి ఎంతో తెలుస్తుంది.

లోపల ఏ గ్యాసు ఉందో ఇంకో చీటీ చెబుతుంది. “ఆర్ 600ఎ” అని ఉంటే అది మండే గ్యాసు. వంటగ్యాసుకి చుట్టం లాంటిది. చాలా కొద్దిగా ఉంటుంది. గొట్టం చిల్లు పడనంత వరకు భయం లేదు. అందుకే గడ్డకట్టిన మంచుని కత్తితో, మేకుతో గోకకూడదు. స్విచ్చి కట్టి, తలుపు తీసి ఉంచితే మంచు అదే కరుగుతుంది.

కరెంటు పోతే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. స్తంభాలు కూలాయి. జిల్లాలో ఎన్నో ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫ్రిజ్ ఒక పెట్టె మాత్రమే.

కరెంటు పోయిన వెంటనే తలుపు మూసి ఉంచాలి. మాటిమాటికీ తియ్యకూడదు. మూసి ఉంచితే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. అది దాటితే వండిన కూరలు, పాలు, చేపలు, మాంసం పారెయ్యాలి. “వాసన రాలేదు గదా” అని తినకూడదు. రోగం తెచ్చే సూక్ష్మజీవులు అన్నిసార్లూ వాసన రానివ్వవు.

తుఫాను సమయంలో స్విచ్చి కట్టి ప్లగ్గు తీసెయ్యాలి. కరెంటు వచ్చాక 5 నిమిషాలు ఆగి వెయ్యాలి. ఇంట్లోకి నీళ్లు వచ్చి ఫ్రిజ్ మునిగితే, ఎలక్ట్రీషియన్ చూడందే వెయ్యకూడదు. లో వోల్టేజి తరచుగా వచ్చే చోట స్టెబిలైజర్ కావాలా అని కొన్నచోటే అడగాలి.

తిండి సంగతి

చలి సూక్ష్మజీవుల్ని చంపదు. వాటి పెరుగుదలని నెమ్మది చేస్తుంది. అంతే. అందుకని ఫ్రిజ్‌లో పెట్టిన కూర ఎన్నాళ్లయినా ఉంటుందని అనుకోకూడదు.

వండిన పదార్థం చల్లారాక, రెండు గంటలు దాటకుండా మూత పెట్టి లోపల ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో తినెయ్యాలి. తినే ముందు పొగలు వచ్చేలా వేడి చెయ్యాలి. పచ్చి చేపలు, మాంసం కింది అరలో మూతపెట్టి ఉంచాలి. పై అరలో పెడితే ఆ నీరు కూరల మీద కారుతుంది. లోపల వేడి 4 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. అరలు కిక్కిరిసి ఉంటే చలి అంతటా తిరగదు.

షుగర్ జబ్బు ఉన్నవారి ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. దాన్ని మంచు అరలో పెట్టకూడదు. గడ్డకడితే ఇక పనికిరాదు.

పిల్లలు జాగ్రత్త

పాత ఫ్రిజ్‌ని పెరట్లో పడేస్తే తలుపు ఊడదీసి పడెయ్యాలి. దాగుడుమూతల్లో పిల్లలు లోపల దూరి, ఊపిరాడక చనిపోయే ప్రమాదం ఉంది. ఇలాంటి చావులు చూసే అమెరికాలో 1956లో ఒక చట్టం చేశారు. ఫ్రిజ్ తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలన్నారు. ఇప్పటి తలుపులకి అయస్కాంతం ఉంటుంది. అయినా చిన్న పిల్లలకి అది తొయ్యడం చేతకాకపోవచ్చు.

షాక్ కొడితే ఆ మనిషిని ముట్టుకోకూడదు. ముందు మెయిన్ కట్టెయ్యాలి. అది కుదరకపోతే పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతో నెట్టాలి. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. కొద్దిగా “జివ్వు”మన్నా ఊరుకోకూడదు. అది హెచ్చరిక. ప్లగ్గు తీసి, బాగు చేయించాకే మళ్లీ వాడాలి.

గుర్తుంచుకోండి

ఫ్రిజ్ చుట్టూ గాలి ఆడాలి.
మూడు పిన్నుల ప్లగ్గు, నిజమైన ఎర్తు ఉండాలి.
స్విచ్చి చెయ్యి అందే చోట ఉండాలి.
శుభ్రం చేసే ముందు ప్లగ్గు తియ్యాలి.

చర్చించండి

1. మీ ఇంట్లో ఎర్తు తీగ ఎక్కడిదాకా వెళ్లింది? ఎవరు చూశారు?
2. ఫ్రిజ్ వెడల్పు 24 అంగుళాలైతే గూడు ఎంత వెడల్పు ఉండాలి?
3. ఫ్రిజ్ తలుపు తీసి ఉంచితే గది చల్లబడుతుందా? ఎందుకు?